పడవ ఒంటికి సొరచేప నూనె, యుద్ధనౌకకు గులాబీ రంగు!

పాత పడవ ఒకటి మీ చేతికొచ్చింది. చెక్కలు మార్పించారు, మేకులు బిగించారు, ఇక రంగు వేయడమే మిగిలింది. నీలమా? తెలుపా? ఎరుపా? ఇంటిల్లిపాదీ తలొక రంగు చెబుతారు. ఆగండి! పడవ రంగు తేల్చేది మీరు కాదు, మీ ఇంట్లోవాళ్ళూ కాదు. ఎండ, పురుగు, శత్రువు, ఒక్కోసారి వాసన! నమ్మకం కలగలేదా? అయితే పదండి, ముందు బహ్రెయిన్‌లో దిగుదాం.

మీకు తెలుసా? గల్ఫ్ ముత్యాల పడవల ఒంటికి పూర్వం రంగు వేసేవారే కాదు! నీటికి పైనుండే చెక్కకు సొరచేప కాలేయం నుంచి తీసిన నూనె పట్టించేవారు. ఏళ్ళ తరబడి ఆ నూనె తాగి తాగి చెక్క ముదురు గోధుమ రంగుకు తిరిగేది. ధౌ అనే అలాంటి పాత చెక్క పడవను పాత పద్ధతిలోనే బాగుచేస్తానని పంతం పట్టినవాళ్ళు ముందుగా కొనాల్సింది రంగు డబ్బా కాదు, ముక్కుకు కట్టుకునే గుడ్డ!

మరి నీళ్ళలో మునిగే అడుగు భాగం? అది తెల్లగా మెరిసేది. పెయింటు కాదు లెండి, సున్నం! సున్నంలో జంతువుల కొవ్వు కలిపి, తమలపాకుకు రాసినట్టు చేత్తోనే అడుగంతా పులిమేవారు. సముద్రం వెనక్కి తగ్గగానే పడవను ఇసుక మీద పక్కకు ఒరగబెట్టాలి, పట్టిన నాచునూ చిప్పలనూ గీకెయ్యాలి, మళ్ళీ పోటు వచ్చేలోగా పూత ముగించాలి. గడువు పెట్టినవాడు చంద్రుడు. వాయిదా అడిగితే వినడు!

పైన గోధుమ, కింద తెలుపు. అంటే ఆ అందమంతా ఒక సొరచేప, కాస్త కొవ్వు, బోలెడు సున్నం. డిజైనర్ ఖర్చు సున్నా!

ఇంత తంటా ఎందుకో తెలుసా? ఓడపురుగు భయంతో! ఉప్పునీటిలో చెక్కను లోలోపల తొలిచేసే జీవి అది. పైకి సూదిమొన అంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల సొరంగాలు! ఈ పురుగు 1503లో క్రిస్టఫర్ కొలంబస్ ఓడలను జల్లెడ చేసేసింది. పాపం ఆయన జమైకా ఒడ్డున ఏడాది పాటు చిక్కుబడిపోయాడు. మహాసముద్రాలు ఆపలేని మనిషిని ఒక పురుగు ఆపింది!

ఇంకా వినండి. ఆ ఓడపురుగు నిజానికి పురుగే కాదు! అది రెండు చిప్పల జీవి. అంటే ముత్యపు చిప్పకు చుట్టం! బహ్రెయిన్ పడవలు ముత్యపు చిప్పల కోసం వేటకెళ్తే, వాటి చుట్టాలొచ్చి పడవలనే తినేసేవి. కక్ష అంటే ఇదీ!

మీకు తెలుసా? పెద్ద ఓడల అడుగు ఎర్రగా ఎందుకుంటుందో? అందం కోసం కాదు, రాగి కోసం! 1761లో బ్రిటన్ యుద్ధనౌక అలారం అడుగుకు రాగి రేకులు తొడిగి పరీక్షించారు. నాచుకూ పురుగుకూ రాగి విషం. తర్వాత రాగి ఆక్సైడును రంగులోనే కలిపారు. ఆ ఆక్సైడు సహజంగానే ఎరుపు. ఇప్పుడు అడుగు పూతలు నీలంలోనూ నలుపులోనూ దొరుకుతున్నా, ఎరుపు అలవాటు మాత్రం పోలేదు. నాచు మీద రాగి గెలిచింది, రంగుల మీద అలవాటు గెలిచింది!

రాగికి మించిన విషం కూడా కనిపెట్టారు. తగరంతో తయారైన ట్రైబ్యూటైల్ టిన్. అది నాచుతో ఆగలేదు, ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిపించింది! 2008 నుంచి ఓడల మీద దాన్ని ప్రపంచమంతటా నిషేధించారు. పడవకు రంగు వేస్తే నత్త లింగం మారడం... దీనికి జోకు అక్కర్లేదు!

సరే, మళ్ళీ గల్ఫ్‌కు వద్దాం. 13వ శతాబ్దంలో మార్కోపోలో హోర్ముజ్ రేవులో ఓడలు చూసి ముఖం చిట్లించాడు. మేకుల్లేవు! కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టారు! తారు లేదు, చేప నూనె పూశారు! ఇవి మునిగిపోయే ఓడలని రాసేశాడు. తర్వాత చైనాకు నేల దారినే వెళ్ళాడు. చేప నూనె వాసన ఒక మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో చూశారా!

పీచుతో కుట్టిన పడవ అనగానే నవ్వకండి. మన కోరమండల్ తీరంలో మసూలా పడవలూ అంతే! మేకు లేదు, పక్కటెముకల్లాంటి దుంగల్లేవు, కుట్లే. కెరటం విసిరికొట్టినప్పుడు బిగుసుకుపోయిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. మద్రాసులో సరైన రేవు కట్టకముందు దొరలూ దొరసానులూ ఓడ దిగి ఒడ్డుకు చేరింది ఈ కుట్ల మీదే. వాళ్ళ ప్రాణం దారం మీద ఉందని వాళ్ళకు తెలుసో లేదో!

మార్కోపోలో మాట తప్పని ఒకాయన తేల్చి చూపించాడు, తెలుసా? ఐర్లండ్‌లో స్థిరపడిన సాహసి టిమ్ సెవెరిన్. ఒమన్‌లో సోహార్ అనే ఓడ కట్టించాడు. మేకు లేకుండా! పట్టిన కొబ్బరి తాడు 400 మైళ్ళు! అడుగుకు అదే పాత సున్నం, కొవ్వు. 1980 నవంబరులో మస్కట్‌లో తెరచాప ఎత్తి, 1981 జులైలో చైనాలోని కాంటన్ చేరాడు. మునిగిందా? లేదు. మార్కోపోలో గారూ, విన్నారా?

2010లో ఇంకో కుట్టు ఓడ, జ్యువెల్ ఆఫ్ మస్కట్, ఒమన్ నుంచి సింగపూర్ చేరింది. ఒమన్ దాన్ని సింగపూర్‌కు కానుకగా ఇచ్చేసింది. కానుక విప్పి చూస్తే మేకు ఒక్కటీ లేదు!

మీకు తెలుసా? బహ్రెయిన్‌లో ఊరూరా చెప్పుకునే చెట్టు ఒక్కటే! ఎడారి మధ్య ఒంటరిగా నిలబడ్డ జీవన వృక్షం, వయసు సుమారు 400 ఏళ్ళు. అది మన జమ్మి చెట్టు కుటుంబానిదే! మరి పడవ కలపకు కరువైన చోట వందల పడవలు ఎలా కట్టారు? టేకు మన మలబారు తీరం నుంచి వెళ్ళింది. ముత్యాలు వాళ్ళవి, చెక్క మనది!

అక్కడి పడవలు కట్టే వడ్రంగులను గల్లాఫ్‌లంటారు. వాళ్ళ దగ్గర నక్షా కాగితం ఉండేది కాదు. పలకల సందుల్లో నూనెలో నానిన దూది కూరేవారు, కొలత కంటితో తీసేవారు. నేటి ఇంజనీరు కంప్యూటరు ఆన్ చేసేలోపు వాళ్ళు పలక కోసేసేవారేమో!

కేరళలోని బేపూరులో నేటికీ గల్ఫ్ కోసం చెక్క ఓడలు కడుతున్నారు. ఇక రికార్డు కావాలా? కువైట్‌లోని చెక్క ఓడ అల్ హాషిమీ 2 పొడవు 80 మీటర్ల పైనే! అది సముద్రంలో తిరగదు, హోటలు పక్కన నేల మీద కూర్చుని విందులు పెడుతుంది. 2020లో దుబాయిలో 91 మీటర్లు దాటిన ఒబైద్ వచ్చి కిరీటం లాక్కుంది. అంత పొడవు ఒంటికి పూత పూయాలంటే ఎన్ని సొరచేపలు కావాలో లెక్క మీరే కట్టండి!

20వ శతాబ్దం మొదట్లో బహ్రెయిన్ నుంచి 900కు పైగా ముత్యాల పడవలు కడలెక్కేవి, తెలుసా? వాటి మీద 17 వేలకు పైగా మనుషులు! ఆ చిన్న దీవిలో మగవాళ్ళు మిగిలారా అని అడగాలనిపిస్తుంది కదూ?

వెళ్ళేది ఎప్పుడనుకున్నారు? చల్లటి జనవరిలో కాదు, మండే వేసవిలో! సుమారు నాలుగు నెలలు నీటి మీదే. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, ఆక్సిజను లేదు. పడవలో పాటగాడు కూడా ఉండేవాడు, పేరు నహ్హామ్. జీతం తీసుకుని పాడటమే ఆయన పని. ఫిజ్‌రీ అనే ఆ పాటల సంప్రదాయాన్ని 2021లో యునెస్కో జాబితాకెక్కించింది. రేడియో రాకముందే పడవలో మ్యూజిక్ సిస్టం!

దాహమేస్తే? సముద్రంలోకే దూకేవారు! నిజం. బహ్రెయిన్ చుట్టూ సముద్రం అడుగున మంచినీటి ఊటలుండేవి. తోలు తిత్తి పట్టుకుని మునిగి, ఊట దగ్గర నింపుకుని, మూతి బిగించి పైకొచ్చేవారు. ఉప్పుసముద్రం లోపల మంచినీళ్ళ కుళాయి!

మీకు తెలుసా? బహ్రెయిన్‌లో నేటికీ సాగుచేసిన ముత్యాలు అమ్మితే నేరం! సముద్రం దానంతట అది ఇచ్చినదే ముత్యం. 1912లో ప్యారిస్ ఆభరణాల వ్యాపార కుటుంబానికి చెందిన జాక్ కార్టియే స్వయంగా బహ్రెయిన్ వచ్చాడు. ఫ్రాన్స్ నగలు సొరచేప నూనె వాసన పీల్చి మెడలెక్కాయన్నమాట!

రంగుల కథలో గల్ఫ్ పట్టుకున్న మొదటి రంగు ఏదో ఊహించండి. నలుపు! అది కూడా పెయింటు కాదు, భూమిలోంచి ఊరే సహజ తారు. కువైట్‌లోని సబియ్యా దగ్గర సుమారు 7 వేల ఏళ్ళ నాటి తారు పెళ్ళలు దొరికాయి. ఒక పక్క రెల్లు కట్టల అచ్చులు, రెండో పక్క సముద్రపు చిప్పజీవులు! అంటే రెల్లు పడవకు తారు పూసి సముద్రంలో తిప్పారు. ప్రపంచంలో దొరికిన అత్యంత పాత సముద్ర పడవ ఆనవాళ్ళలో ఇవీ ఉన్నాయి. పడవ పోయింది, పూత మిగిలింది!

అరబ్బు తీరంలో మొట్టమొదట చమురు పడింది కూడా బహ్రెయిన్‌లోనే, 1932లో. ఆ చమురుకు అన్నలాంటి తారును పడవలకు పూసి వేల ఏళ్ళు తిరిగిన ప్రాంతమది. గని మీద కూర్చుని గీకి గీకి వాడుకున్నారు!

పడవ కాలిపోతే బాధపడతారా? నార్వే సాహసి థోర్ హెయెర్డాల్ కావాలని తగలబెట్టాడు! రెల్లుతో కట్టిన టిగ్రిస్ అనే 18 మీటర్ల పడవలో 1977లో ఇరాక్ నుంచి బయలుదేరి బహ్రెయిన్‌లో ఆగి, పాకిస్తాన్ చూసి, 1978 ఏప్రిల్‌లో జిబూటీ చేరాడు. చుట్టూ యుద్ధాలు జరుగుతున్నాయని నిరసనగా నిప్పు పెట్టేశాడు. ఆ పడవకు రంగేమిటని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు: చివరికి నారింజ!

2005లో ఒమన్ నుంచి గుజరాత్‌కు మాగన్ అనే రెల్లు పడవ బయలుదేరింది. తారు పూత, పాతకాలపు పద్ధతి, భారీ వీడ్కోలు. కాసేపటికే మునిగిపోయింది! మనుషులంతా క్షేమం. 2024లో అబుధాబీలో 18 మీటర్ల మరో పడవ అదే పద్ధతిలో కట్టి, తారు పూసి, విజయవంతంగా తిప్పారు. రెండోసారి చేస్తేనే కుదిరేవి దోసెలొక్కటే అనుకున్నాం!

ఇప్పుడు ఎండ సంగతి. వేసవిలో బహ్రెయిన్ చుట్టూ సముద్రపు నీరే 33, 34 డిగ్రీలుంటుంది! మామూలు సముద్రం కిలో నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు. అక్కడ 40 పైనే. దక్షిణాన సల్వా అఖాతంలోకి వెళితే 50 దాటుతుంది. ఆవకాయ జాడీలో ఈత కొట్టడానికి ఇక రెండు మెట్లే!

అలాంటి చోట ముదురు రంగు వేస్తే? నల్లటి ఒళ్ళు ఎండలో 70 డిగ్రీలు దాటిపోగలదు! చెక్క ఎండి ముడుచుకుంటుంది, పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. ఒడ్డున నిలబెట్టిన పడవ మళ్ళీ నీట్లో దిగగానే కుండలా కారుతుంది. ఫైబర్ పడవైతే లోపలి రెజిన్ మెత్తబడే వేడి అది. అందుకే వేడి దేశాల్లో పడవ కట్టేవాళ్ళు తెలుపు వేయండి మహాప్రభో అని మొత్తుకుంటారు. కొనేవాళ్ళు మాత్రం నేవీ బ్లూ ఉందా అని అడుగుతారు!

మీకు తెలుసా? ఈ ఎండకు అమెరికా యుద్ధనౌకే రంగు మార్చుకుంది! బహ్రెయిన్ కేంద్రంగా ఉన్న అమెరికా నౌకాదళ పతాక నౌక లా సాల్‌కు 1972లో తెల్ల రంగు వేశారు. మిగతా నౌకలన్నీ బూడిద రంగులో దాక్కుంటుంటే ఇదొక్కటే తళతళ! దానికి పడిన పేరు: అరేబియా తీరపు తెల్లదయ్యం! దయ్యాలకు కూడా ఎండ తగులుతుందన్నమాట.

విమానం కూడా బహ్రెయిన్ దగ్గరికొచ్చేసరికి తెల్లగానే వచ్చింది! 1976 జనవరి 21న బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాంకార్డ్ తొలి ప్రయాణికులతో లండన్ నుంచి ఎగిరింది. న్యూయార్కుకా? కాదు, బహ్రెయిన్‌కు! నాలుగు గంటల లోపే. ఆ విమానం ఒంటికి వేడిని తిప్పికొట్టే తెల్ల పూత, అంత వేగంలో ముక్కు కొన సుమారు 127 డిగ్రీలు కాగుతుంది కాబట్టి. ముత్యాల దీవికి ముత్యం రంగు విమానం!

దానికి నీలం వేస్తే ఏమైందో తెలుసా? 1996లో పెప్సీ ప్రచారం కోసం ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ ఒకదానికి నీలం పూశారు. ఫలితం? ధ్వనికి రెట్టింపు వేగంలో 20 నిమిషాలకు మించి పోవద్దని ఆంక్ష! కూల్‌డ్రింకు వేసుకున్న విమానానికి వేడి చేసింది. ఇది పడవ కాదు కదా అంటారా? వేడి వచ్చే దారి వేరేమో గానీ, రంగు నేర్పే పాఠం ఒకటే!

తెలుపు వద్దు, ఎరుపు కావాలంటే? గల్ఫ్ మట్టే ఎరుపు ఇస్తుంది! హోర్ముజ్ దీవి ఎర్రమట్టి ఇనుప ఆక్సైడుతో నిండి ఉంటుంది. పర్షియన్ గల్ఫ్ ఆక్సైడ్ పేరుతో లోకమంతా ఓడల రంగుల్లో కలిపారు. మామూలు ఎరుపులు ఎండకు వెలిసి గులాబీకి దిగజారితే, ఈ మట్టి ఎరుపు కదలదు. అసలే తుప్పు, ఇంకెంత తుప్పు పడుతుంది!

మీకు తెలుసా? ఈ ఎర్రమట్టి కోసం రెండు సామ్రాజ్యాలు కొట్టుకున్నంత పని చేశాయి! అబూ మూసా అనే చిన్న దీవిలో మట్టి తవ్వే హక్కు జర్మనీకి చెందిన వోంక్‌హాస్ సంస్థ చేతికొచ్చింది. బహ్రెయిన్‌లోనూ శాఖ ఉన్న వ్యాపారమది. బ్రిటన్‌కు చిర్రెత్తింది. షార్జా షేక్ మీద ఒత్తిడి తెచ్చి ఒప్పందం రద్దు చేయించింది. 1907లో పనివాళ్ళను దీవి నుంచి పంపించేశారు, బ్రిటిష్ యుద్ధనౌక అండతో! ఇంటికి రంగు డబ్బా తెమ్మంటే బద్ధకించే మనకు ఈ ఓపిక ఎక్కడిది!

ఇక ప్రపంచంలో పాత ఓడలకు రంగు ఎంచినవాళ్ళ తిప్పలు చూద్దామా? బ్రిటన్‌లో నెల్సన్ ఓడ విక్టరీ ఉంది. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో ఆయన చనిపోయింది దాని మీదే. దశాబ్దాల పాటు దాన్ని నారింజ పసుపు, నలుపు చారలతో చూపించారు. తర్వాత నిపుణులు రంగు పొరలు గీకి లెక్కపెడితే 72 పొరలు! అట్టడుగున అసలు రంగు బయటపడింది: లేత గులాబీ ఛాయ ఉన్న పాలిపోయిన పసుపు. 2015లో ఓడంతా మళ్ళీ పూశారు. వీరుడి ఓడ గులాబీకి తిరిగిందని కొందరు ఉలిక్కిపడ్డారు. నెల్సన్ ఉలిక్కిపడి ఉండడు, ఆయన చూసిన రంగు అదే!

స్వీడన్ వాళ్ళ కథ ఇంకా రుచి. వాసా అనే రాజుగారి ఓడ 1628లో తొలి ప్రయాణంలోనే, పట్టుమని రెండు కిలోమీటర్లు కూడా పోకుండా మునిగింది. 333 ఏళ్ళకు, 1961లో పైకి తీశారు. వెనుక భాగం నీలం మీద బంగారు బొమ్మలని చాలాకాలం అందరూ గట్టిగా నమ్మారు. తర్వాత చెక్కలో ఇరుక్కున్న రంగు నలుసులు పరీక్షిస్తే... ఎరుపు! నీలం రంగు ఎవరి ఊహలోంచి వచ్చిందో గానీ, అప్పటికి ఎన్ని పుస్తకాల అట్టలు నీలమైపోయాయో!

మీకు తెలుసా? బ్రిటన్ రాణి ఓడ బ్రిటానియా రంగు ఒక చిన్న పడవ పుణ్యమే! ఆనవాయితీ ప్రకారం రాజ ఓడ నల్లగా ఉండాలి. కానీ పెళ్ళి కానుకగా వచ్చిన బ్లూబాటిల్ అనే చిన్న పందెపు పడవ ముదురు నీలం. ఆ నీలమే 1953లో పెద్ద ఓడకూ ఎక్కింది, చుట్టూ బంగారు రేకు గీతతో. పెళ్ళి కానుకలు పనికిరావని ఎవరన్నారు!

రంగు వేసేది అందం కోసమే అనుకునేవారికి ఇదిగో ఒక దెబ్బ. 1940లో లార్డ్ మౌంట్‌బాటెన్ తన యుద్ధనౌకలకు గులాబీ కలిసిన బూడిద రంగు వేయించాడు. అవును, మన ఆఖరి వైస్రాయ్ గారే! ఉదయసంధ్యలో, సాయంసంధ్యలో ఓడ ఆకాశంలో కలిసిపోతుందని ఆయన లెక్క. కెన్యా అనే యుద్ధనౌకకు పింక్ లేడీ అని పేరే పడిపోయింది. మిట్టమధ్యాహ్నం మాత్రం... అందరికీ కనిపించేది!

అంతకుముందు మొదటి ప్రపంచయుద్ధంలో ఇంకో తమాషా. 1917లో నార్మన్ విల్కిన్సన్ అనే చిత్రకారుడు చెప్పాడు: ఓడను దాచలేం, కళ్ళు తిప్పేద్దాం! నలుపు, తెలుపు, నీలం చారలు అడ్డదిడ్డంగా పూశారు. ఓడ ఎటు పోతోందో, ఎంత వేగమో సబ్‌మెరీన్‌కు తెలియకూడదు. లండన్ రాయల్ అకాడమీలో కూర్చుని నమూనాలకు రంగులద్దింది ఎక్కువగా అమ్మాయిలే! బ్రిటన్‌లోనే రెండు వేలకు పైగా ఓడలు ఈ వేషం కట్టాయి. సముద్రం మీద పగటివేషాలు!

ఓడను దాచే విద్య రోమన్లకూ తెలుసు. వేగుపడవలకు సముద్రపు నీలం పూసి, తెరచాపలకూ తాళ్ళకూ అదే రంగు అద్ది, చివరికి నావికుల బట్టలూ నీలమే చేసేవారని రచయిత వెజీషియస్ రాశాడు. ఉదయం లేచి ఎవరు ఎక్కడున్నారో వెతుక్కోవడమే పెద్ద పని అయివుంటుంది!

మన విశాఖ కురుసురను గుర్తు చేసుకోండి. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న సబ్‌మెరీన్. సబ్‌మెరీన్లకు సాధారణంగా నలుపెందుకో తెలుసా? లోతు నీటిలో, ముఖ్యంగా పైనుంచి చూసే విమానానికి, నలుపే తక్కువ కనిపిస్తుంది. జీవితమంతా కనిపించకుండా తిరిగింది, రిటైరయ్యాక రోజూ సెల్ఫీలు!

దాక్కోవడం కాదు, కనిపించడమే పనిగా పెట్టుకున్న పడవలూ ఉన్నాయి. 2008 ముంబయి దాడుల తర్వాత చేపల పడవలకు తీర రాష్ట్రాల వారీగా రంగులు పెట్టారు. కేరళకు ముదురు నీలం ఒళ్ళు, నారింజ రంగు గది. రంగు చూసి రాష్ట్రం చెప్పేయొచ్చు. చేపలకు మాత్రం ఈ నిబంధన వర్తించదు!

బ్రిటన్ జాలరులు చాలామంది ఆకుపచ్చ పడవంటే హడలిపోతారు, అపశకునమట! అదే బ్రిటన్‌లో 1949లో కరోనియా అనే విలాస నౌక ప్రయాణాలకు దిగింది. రంగు? ఆకుపచ్చ! ఒకటి కాదు, నాలుగు రకాల ఆకుపచ్చలు! అపశకునం కూడా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తికమకపడి ఉంటుంది.

ఇప్పుడు మీ పడవ దగ్గరికి రండి. మీకు తెలుసా? నిగనిగలాడే ముదురు రంగు ప్రతి సొట్టనూ చూపిస్తుంది! పలక కాస్త వంకరగా ఉన్నా అద్దంలో మొటిమలా బయటపడుతుంది. మెరుపు లేని లేత రంగు అన్నిటినీ క్షమిస్తుంది. వడ్రంగం మీద నమ్మకముంటే నీలం, లేకపోతే తెలుపు. ఈ రహస్యం బయట చెప్పకండి, తెల్ల పడవలవాళ్ళు నొచ్చుకుంటారు!

తెల్ల పడవ ఉన్నదానికంటే పెద్దగా, నల్లది చిన్నగా కనిపిస్తుంది. చీరల కొట్టువాళ్ళకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే!

చెక్క రంగే కనబడాలి, పారదర్శకమైన వార్నిష్ వేస్తానంటారా? పనిలో అదే అన్నిటికంటే భారం. అతినీలలోహిత కిరణాలు పొర లోంచి దూరి చెక్కను కొడతాయి, వార్నిష్ పొలుసుల్లా లేస్తుంది. గల్ఫ్ ఎండలో అయితే మళ్ళీ గీకు, మళ్ళీ పూయి. పడవ తిప్పే రోజుల కంటే గీకే రోజులే ఎక్కువ! సొరచేప నూనె పూసినవాళ్ళు తెలివైనవాళ్ళని నా తీర్పు. నూనె పొలుసు లేవదు, గీకక్కర్లేదు, పైన మరో చెయ్యి పూస్తే సరి. వాసన సంగతి వేరే!

బహ్రెయిన్‌లో ఉన్న తెలుగువారికి ఒక చిన్న పందెం. తెలుగు కళా సమితి పండగలయ్యాక ఒక సాయంత్రం ముహర్రక్ వెళ్ళండి. ముత్యాల వ్యాపారం చెప్పే వారసత్వ స్థలం అక్కడుంది. 17 భవనాలు, బూ మాహిర్ కోట, దాని పక్క తీరం, సముద్రంలో మూడు ముత్యపు చిప్పల మేటలు, అన్నీ కలిపి 2012లో యునెస్కో గుర్తించింది. నడక దారి సుమారు 3.5 కిలోమీటర్లు. దారిలో కనిపించిన ప్రతి చెక్క పడవ ఒళ్ళూ చూసి అది నూనా, రంగా చెప్పండి. ముక్కుతో చెబితే ఎక్కువ మార్కులు!

ఆఖరి మాట, ఈసారి నవ్వకుండా వినండి. పాత పడవ మీద పొరలు పొరలుగా ఉన్న రంగులో సీసం ఉండొచ్చు. ఒకప్పుడు తెల్ల రంగంటే చాలావరకు సీసమే, టైటానియం తెలుపు 20వ శతాబ్దంలో వచ్చింది. అసలు రంగు వెతకాలనే ఉత్సాహంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లలకు మరీ ప్రమాదం. తడిపి గీకండి, మంచి మాస్కు పెట్టుకోండి, రాలిన పెచ్చులు ఇంట్లోకి తేకండి. 72 పొరలు లెక్కపెట్టడానికి తొందరేమీ లేదు!